ముందుగా కార్డు రాసి వచ్చే మనిషి

కార్డులో రాసిన తేదీకి రెండు రోజులు ముందే వెళ్ళాం. ఆటో దిగి కాలవ గట్టు ఎక్కేసరికి, లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు కోటయ్య రాయి కింద గునపం దూర్చి, బరువంతా దాని మీద వేసి వంగి ఉన్నాడు. పక్కన తట్టలో పెంకుముక్కలు, బకెట్లో కలిపిన సున్నం. మమ్మల్ని చూసి కూడా గునపం వదలలేదు. వదిలితే రాయి దిగిపోతుంది. అలాగే వంగి ఉండి, వియ్యాలవారు ముహూర్తానికి ముందే దిగితే ఇల్లు చిమ్ముతూ దొరికిపోయిన మనిషిలా సిగ్గుగా నవ్వాడు.

"ఎల్లుండి కదండీ రావాల్సింది," అన్నాడు. "కార్డులో ఎల్లుండని ఉందండి."

నాతో వచ్చిన మాస్టారు చేతిసంచి కింద పెట్టారు. గొంతు మామూలుగానే ఉంది.

"ఏం చేస్తున్నావు కోటయ్యా?"

"రాయి ఎత్తుతున్నానండి. గట్టు మెత్తన కదండీ, ఏడాది తిరిగేసరికి కాస్త దిగుద్దండి. మీరొచ్చేసరికి మట్టిలో కూరుకుపోయి ఉంటే ఏం బాగుంటదండీ. కింద పెంకు కుక్కి, పైన సున్నం కొట్టి ఉంచుతానండి."

"ప్రతి ఏడూనా?"

"మీరు మొదటిసారి వచ్చెళ్ళిన మరుసటేడు నుంచండి. కార్డు అందగానే చేసేస్తానండి. ఒకళ్ళు చెప్పాలేంటండీ."

మాస్టారు గట్టు మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్ళ కొలతల పుస్తకం సంచిలో ఉంది. తీయలేదు. కాలవ అవతల మినుము చేలవైపు చూస్తూ ఉండిపోయారు. కోటయ్య రాయిని మెల్లగా కిందికి వదిలి, గునపం తూము గోడకు ఆనించి, నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందండీ ఆయనకి?"

నాకు తెలుసు.

ఆ రాయి పాత సర్వే రోజుల్లో పాతింది. దాని నెత్తి సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో, నాకంటే వయసులో పెద్దదైన ఒక మ్యాపులో అంకె ఉంది. అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పాలెం ఉంది. మాస్టారు ఏటా ఫిబ్రవరిలో రాయి దగ్గర మొదలుపెట్టి, మూడుకాళ్ళ పీట మీద దుర్భిణిలాంటి పరికరంతో, అంకెలు గీసిన పొడవాటి కర్రతో, కొద్ది దూరానికోసారి ఆగి చూసుకుంటూ రెండు రోజులు నడిచేవారు. పాలెంలో ఐసు షెడ్డు అరుగు దగ్గర ఆ నడక ముగిసేది. రాయికీ అరుగుకీ ఎత్తులో తేడా ఏడాదికి చిటికెనవేలి గోరంత పెరుగుతూ వచ్చింది. రాయి కదలదు కాబట్టి అరుగు దిగుతున్నట్టు. అరుగు దిగుతోందంటే పాలెం కుంగుతున్నట్టు. పాత మ్యాపులో చూపించిన ఎత్తు ఇప్పుడా ఊరికి లేనట్టు.

ఆ వారమే బందరులో మీటింగు. పాలెంలో తుఫాను షెల్టరు కట్టబోతున్నారు, దాని నేల ఎంత ఎత్తున ఉండాలో ఆ రోజు తేలుస్తారు. ఇంజనీరు మ్యాపు చూసి ఒక ఎత్తు వేశాడు. మ్యాపు గీసిన నాటి నుంచి ఏటా అంత చొప్పున నేల కుంగింది కనుక ఇంకో రెండడుగులు పెంచాలని మాస్టారి వాదన. ఉప్పెన చూసిన ఊరికి రెండడుగులంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. మీటింగు తేదీ ముందుకు జరగడంతో, రాసిన కార్డు రాసినట్టే ఉండగా, మేం హడావిడిగా బయలుదేరాం.

ఎనిమిదేళ్ళుగా ఆయన కదలదనుకున్న రాయిని, ఆయన వస్తున్నారనే ఏటా పైకి లేపుతున్నారు. తేడా పెరిగింది అరుగు దిగినందుకో, రాయి లేచినందుకో ఇక చెప్పలేం.

* * *

మొన్న మాస్టారు పోయారని, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్న ఒకాయన ఫోను చేశాడు. "వార్త వేయించండి సార్," అన్నాడు. వయసెంత, సొంత ఊరేది, పిల్లలెందరు అని మా పేపరు డెస్కులో కుర్రవాళ్ళు నన్ను అడిగారు. పదిహేనేళ్ళు ఎరిగిన మనిషి. ఒక్కటీ చెప్పలేకపోయాను. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి సంచిలో పెట్టుకుని తిరిగేవారని, హోటల్లో బల్ల మీద అది పెట్టి, గాజులో బుడగ నడిమికి వచ్చేదాకా బల్ల కాలి కింద కాగితం మడిచి పెట్టి, ఆ తర్వాతే ఇడ్లీ తినేవారని తెలుసు. ఆయన సముద్రపు అడుగుకు, భూమి పైభాగానికి ఉపగ్రహాల కొలతలతో మ్యాపులు గీసిన భూభౌతిక శాస్త్రవేత్త అని రాసి ఇచ్చాను. నాలుగు లైన్లు వచ్చింది.

తొంభైల మధ్యలో ఒకరోజు మాస్టారు బెజవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. చేతిలో మా పేపరు ముక్క. కొండపల్లి కోట మీద నేను రాసింది. అందులో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత ఉంది.

"సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తున అని రాశారు. ఏ సముద్రం అండీ?"

"సముద్రం సముద్రమే కదండీ."

"బందరు దగ్గరిదా, బొంబాయి దగ్గరిదా? రెండూ ఒక్క మట్టంలో లేవు."

నీళ్ళు మట్టంగా లేకపోవడమేమిటని నవ్వాను. ఆయన కుర్చీ లాక్కుని గంటసేపు కూర్చున్నారు. సముద్రం పైభాగం చదునుగా ఉండదట. అడుగున కొండ ఉంటే దాని బరువు చుట్టుపక్కల నీటిని తనవైపు లాక్కుంటుంది, పైన కంటికి తెలియని దిబ్బ లేస్తుంది. లోయ ఉంటే పల్లం పడుతుంది. ఉపగ్రహం పైనుంచి తరంగం వదిలి, అది నీటిని తాకి తిరిగొచ్చే వ్యవధిని కొలుస్తుంది. ఆ దిబ్బలనూ పల్లాలనూ బట్టి, నీటిలోకి దిగకుండానే అడుగు ఎలా ఉందో గీయవచ్చు.

"దుప్పటి కింద పిల్లి పడుకుందనుకోండి. పిల్లి కనిపించదు, తల ఎటుందో తెలుస్తుంది." అని, వెంటనే, "ఇది తప్పు పోలిక. ప్రస్తుతానికి మీకు చాలు," అన్నారు. ఏ పోలిక చెప్పినా చివర ఆ మాట అనేవారు. వినేవాళ్ళకు అప్పటిదాకా అర్థమైంది కూడా పోయేది.

ఒక విదేశీ నౌకాదళం తన అవసరానికి కొలిపించి దాచుకున్న లెక్కలు ఆ రోజుల్లోనే బయటికి వచ్చాయి. వాటితో బంగాళాఖాతంలో మన వైపు భాగాన్ని ఆయన గీశారు. రెక్సిన్ గొట్టంలోంచి ఆ మ్యాపు తీసి మా బల్లల మీద పరిచారు. హంసలదీవి దాటాక సముద్రం అడుగున ఒక లోయ మెలికలు తిరుగుతూ పోతోంది. "కృష్ణ సముద్రంలో కలిసి ఆగిపోయిందని మనం అనుకుంటాం. బండ్లకొద్దీ మట్టి మోసుకుంటూ అడుగునే ఇంత దూరం పోతుందండీ," అన్నారు. మొహం వెలిగిపోతోంది.

మావాళ్ళు గుమిగూడారు. చేపలు ఎక్కడుంటాయో తెలుస్తుందా అని ఒకరు. మునిగిన ఓడలు కనిపిస్తాయా అని ఒకరు.

"ఓడ కనిపించదు. కొండ కనిపిస్తుంది," అన్నారు మాస్టారు.

"కొండలు మనకి ఇక్కడే ఉన్నాయి కదండీ," అని మా చీఫ్ కిటికీలోంచి దుర్గమ్మ కొండవైపు చెయ్యి చూపించారు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, మ్యాపు చుట్టుకున్నారు. నేను రాసిన వార్త నాలుగు రోజుల తర్వాత రాశిఫలాల పక్కన వచ్చింది. బొమ్మ తలకిందులుగా పడింది.

ఎక్కడో దూరాన సముద్ర పరిశోధన సంస్థలో చాలా ఏళ్ళు పనిచేసి, దాన్ని వదిలి బెజవాడ వచ్చి కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. ఎందుకు వదిలారని అడిగితే, "అక్కడ సముద్రం గురించి అడిగేవాళ్ళున్నారు. ఒడ్డు గురించి అడిగేవాళ్ళు లేరు," అన్నారు. ఇక్కడ రెండిటి గురించీ అడిగేవాళ్ళు లేరు. ర్యాంకుల కాలేజీ. ఒకసారి క్లాసులో సముద్రపు దిబ్బల సంగతి చెబితే ప్రిన్సిపాల్ పిలిపించి, "మాస్టారూ, మీ సముద్రం ఎంసెట్‌లో రాదు కదండీ," అన్నారట. ఆ మాట చెబుతూ ఆయన ప్రిన్సిపాల్ మీద కోప్పడలేదు. "నిజమే కదా, రాదు," అన్నారు. ఆ 'నిజమే కదా'లో ఎంత విసుగుందో ఎదురుగా కూర్చున్నవాడికి తెలిసేది.

గవర్నర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో ఆయన మూలనున్న కంప్యూటర్ ముందు పూటంతా కూర్చునేవారు. ఎక్కడో విదేశపు విశ్వవిద్యాలయం నుంచి సముద్రపు అడుగు బొమ్మ ఒక్కో గీతా దిగుతూ ఉండేది. సగంలో కరెంటు పోయేది. మళ్ళీ మొదటి నుంచి. "ఇంకెంతసేపు సార్, చాటింగ్‌వాళ్ళు వెయిటింగు," అని సెంటరు యజమాని వెనక నిలబడేవాడు. "మూడువేల మీటర్ల లోతుకు వచ్చాం. ఇంకొంచెం ఓపిక పట్టండి," అనేవారు మాస్టారు. యజమాని దాన్ని జోకనుకునేవాడు.

ఆయనకు ఒక ఊతపదం ఉండేది. ఎవరు ఏ ఎత్తు, ఏ దూరం, ఏ ఎదుగుదల చెప్పినా, "దేన్నుంచండీ?" అనేవారు. మావాడు బాగా వెనకబడ్డాడు మాస్టారూ అని ఒక తండ్రి అంటే, "దేన్నుంచండీ?" ఆ తండ్రి బిక్కమొహం వేశాడు. జిల్లా ముందుకు పోతోందని సభలో ఒక నాయకుడు అంటే, వెనక వరసలో నా చెవి దగ్గర అదే మాట. వెటకారం లేదు. కొలత అంటే రెండు చివరలుంటాయని, జనం ఒక చివరే చెప్పి ఊరుకుంటారని ఆయన బాధ.

పుస్తకంలో పెన్సిలుతోనే రాసేవారు. రబ్బరు వాడేవారు కాదు. తప్పు అంకె మీద ఒక్క గీత, కింద ఉన్నది చదవడానికి వీలుగా. "తప్పు కనిపించాలి. తర్వాతవాడికి పనికొస్తుంది," అనేవారు.

* * *

అంత లోతున ఉన్న సముద్రపు అడుగును గీసిన మనిషికి, కాళ్ళ కింది డెల్టా చిక్కలేదు.

నేల కుంగడం కొలవడానికి వేరే ఉపగ్రహాలున్నాయి. ఒకే చోటిని కొన్ని నెలల తేడాతో రెండుసార్లు రాడారుతో బొమ్మ తీసి, ఒకదానితో ఒకటి సరిచూస్తే, నేల వేలెడు దిగినా తెలిసిపోతుంది. ఎడారిలో తెలుస్తుంది, పట్నంలో తెలుస్తుంది. ఇక్కడ తెలియదు. మొదటి బొమ్మ నాటికి నీళ్ళు, రెండోదాని నాటికి వరి, ఆపై గడ్డి, ఆపై మినుము. రెండు బొమ్మలకు పొంతన కుదరదు. ఆయన చూపించిన కాగితం మీద కృష్ణా జిల్లా మొత్తం సిగ్నలు రాని టీవీలా చుక్కలు చుక్కలుగా ఉంది.

"పంట లేకపోతే కనిపిస్తుందండీ," అన్నారు. "నా కోసం ఎండగట్టమని రైతుల్ని అడగలేను కదా."

అందుకే ఆకాశం నుంచి దిగి రాళ్ళ వెంట పడ్డారు. ఆ ప్రాంతంలో పాత సర్వే రాళ్ళు మూడున్నట్టు రికార్డుల్లో ఉంది. వెతికితే ఒకటి రోడ్డు కింద పోయింది, ఒకటి రైసుమిల్లు గోడలో పోయింది. లాకుల దగ్గరిది మిగిలింది. "మూడుంటే ఒకటి అబద్ధమాడినా మిగతా రెండూ పట్టిస్తాయి. ఇప్పుడు దీని మాటే వినాలి," అని మొదటి ఏడే అన్నారు. సర్వే ఆఫీసుకు ఉత్తరం రాస్తే, సదరు రాయి యథాస్థానంలో చెక్కుచెదరక ఉన్నదని జవాబు వచ్చింది. జవాబు రాసినవారు లాకుల దాకా వెళ్ళారో లేదో తెలియదు.

ఏటా బయలుదేరే ముందు కోటయ్యకు కార్డు రాసేవారు. ఫలానా రోజు వస్తున్నాను, నీకు వీలేనా అని. లస్కరుకు అలా రాసే పెద్దమనిషి ఆ కాలవ మీద ఇంకొకరు లేరు. ఆ కార్డుల్ని కోటయ్య లాకుల గదిలో మేకుకు గుచ్చి ఉంచేవాడు. వచ్చినవాళ్ళకు చూపించేవాడు.

పాలెంలో ఆయన కోసం ఎదురుచూసేది నాంచారమ్మ. చేపలకు ఐసు కొట్టించి, బుట్టలు కట్టించి లారీ ఎక్కించే వ్యాపారం ఆమెది. ఉప్పెనలో అత్తనూ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుంది. తాను తాటిచెట్టు పట్టుకుని మిగిలింది. నీళ్ళు ఎందాకా వచ్చాయో చెప్పమంటే అంకె చెప్పదు, ఐసు షెడ్డు గుమ్మం మీద చెయ్యెత్తి పెట్టి చూపిస్తుంది. షెల్టరు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఆమే. ఏటా ఆఖరి మజిలీలో, అరుగు మీద కర్ర ఆమె పట్టుకునేది.

"కర్ర కదపకు నాంచారమ్మా."

"ఇన్నేళ్ళ నుంచి పడతన్నా, కదిలిందేంటండీ ఎప్పుడన్నా. ఈ ఏడు ఎంత దిగిందో చెప్పండి ముందు."

"చిటికెనవేలి గోరంత."

"మీ గోరా, నా గోరా?"

మాస్టారు నిజంగానే ఆమె వేలు చూసి, స్కేలు పెట్టి, "నీదే," అన్నారు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయితే ఎత్తుగా కట్టమనండి. మీరు చెబితే వింటారు," అంది.

* * *

గట్టు మీద ఆ రోజు మాస్టారు లేచి పనిలోకి దిగారు. సంచిలోంచి చిన్న కత్తి తీసి రాయి నెత్తి మీది సున్నం అంచు గీకారు. పూతలు లెక్కపెట్టారు. ఏడు. వాటి మందం స్కేలుతో చూసి రాసుకున్నారు. "ఇది పట్టొచ్చు," అన్నారు.

తర్వాత కింద తవ్వించారు. పెంకుముక్కలు కొన్ని బురదలోకి దిగిపోయాయి, కొన్ని నుగ్గయ్యాయి, కొన్ని వానకు జారిపోయినట్టున్నాయి. దొరికినవి గోనె మీద పరిచి చూశారు. ఏ ఏటివి ఏవో చెప్పడానికి ఆనవాలు లేదు.

"ఏటా ఎంత ఎత్తుతావు కోటయ్యా?"

కోటయ్య బొటనవేలు చూపించాడు. "ఇంతుంటదండి." మళ్ళీ ఆలోచించి, "కాదండి, కొన్నేళ్ళు ఇంతుండదు. దిగినదాన్ని బట్టండి." అప్పటికి ఏదో పొరపాటు జరిగిందని అతనికి తెలిసిపోయింది. మాస్టారికి ఊరట కలిగే మాట కోసం వెతుక్కుంటున్నాడు. "ఒక ఏడు అసలు ఎత్తలేదండి. గునపం ఎవరో పట్టుకుపోయారు. ఉత్తి సున్నం కొట్టి ఊరుకున్నా."

మాస్టారు తలెత్తారు. "ఏ ఏడు?"

"గుర్తులేదండి. మా పెద్దమ్మాయి కాన్పుకొచ్చిన ఏడో, దానికి ముందేడో."

కాన్పు ఏ ఏడో అడిగి, పుస్తకం అప్పుడు తీశారు. ఆ రెండేళ్ళ పేజీలూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండేళ్ళలోనూ తేడా పెరిగింది.

"ఎత్తని ఏడు రాయి దిగే ఉండాలి కదండీ," అని నాతో మెల్లగా అన్నారు. "అయినా తేడా పెరిగింది. అంటే పాలెం రాయికంటే ఎక్కువ దిగింది. ఊరు కుంగుతోంది, అనుమానం లేదు." అని పుస్తకం మూశారు. "కానీ ఒక్క ఏడు. అది కూడా ఏ ఏడో తెలియని ఏడు. కర్ర పట్టినవాడు తుమ్మినా అంత తేడా వస్తుంది."

కోటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు చేశానాండీ?"

"లేదు కోటయ్యా. కార్డు రాసింది నేను."

మా భోజనం కోటయ్య ఇంట్లోనే. రెండు రోజుల తర్వాత కదా అనుకుని అతని భార్య ఏమీ సిద్ధం చేసుకోలేదు. గుడ్లు ఉడికించి పులుసు పెట్టింది. మాస్టారు రసమట్టం బయటికి తీయకుండానే తిన్నారు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. ఆగలేక నేనే అన్నాను, ఈ సంగతి తెలిసింది మన ముగ్గురికే కదా అని. ఎనిమిదేళ్ళ లెక్కలు చేతిలో ఉన్నాయి, ఊరు కుంగుతోందన్నది ఎటూ నిజమే, రెండడుగులు ఎటూ కావలసినవే, రాయి సంగతి మీటింగులో ఎత్తకపోతే ఏమవుతుందని.

"మీరు విలేకరి. తెలిసింది రాయకుండా ఉండగలరా?"

"చాలాసార్లు ఉన్నానండీ," అన్నాను.

ఆయన కిటికీవైపు తిరిగారు. నాతో కాదు అన్నట్టుగా, "రెండడుగులు నిజం కావచ్చు. నాకు తెలుసని చెప్పడం అబద్ధం," అన్నారు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మీటింగుకు నేనూ వెళ్ళాను. ఇంజనీరు చెడ్డవాడు కాడు. మాస్టారి లెక్కలు ముందే చదివి, పెంచడానికి దాదాపు ఒప్పుకుని వచ్చాడు. మాస్టారు లేచి రాయి కథ మొదటి నుంచీ చివరిదాకా చెప్పారు. పెంకుముక్కలు, ఏడు పూతల సున్నం, పోయిన గునపం. ఎవరో నవ్వాపుకున్నారు.

"అంటే మీ లెక్క మీరే కొట్టేస్తున్నారా మాస్టారూ?" అన్నాడు ఇంజనీరు.

"ఎంత కుంగిందో చెప్పలేనంటున్నాను. కుంగుతోందని చెప్పగలను. ఎంతో తెలియదు కాబట్టే ఎత్తు పెంచండి అంటున్నాను."

"తెలియదు కాబట్టి రెండడుగులు పెంచామని ఫైల్లో ఎలా రాయనండీ? లస్కరు జ్ఞాపకం మీద రాయనా? ఏదో ఒక అంకె కావాలి."

"మ్యాపులో ఉన్న అంకె కూడా తప్పే."

"తప్పే అయ్యుండొచ్చు. దాని మీద సంతకం ఉంది."

మ్యాపు ప్రకారమే ఖాయమైంది. బయట వరండాలో నాంచారమ్మ నిలబడి ఉంది. ఆమెను లోపలికి రానివ్వలేదు. సంగతి నేను చెప్పాను. ఆమె మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు నోరు మూసుకుని ఉంటే రెండడుగులు వచ్చేయి కదండీ."

"వచ్చేవమ్మా."

"మరి?"

బందరు బస్టాండుదాకా ఆమె మాకు పది అడుగులు ముందు నడిచింది.

ఆ కథ మొత్తం రాసి ఇచ్చాను. డెస్కులో ఇద్దరు దాని మీద చెయ్యి వేశాక, పాలెంలో తుఫాను షెల్టరుకు త్వరలో శంకుస్థాపన అని వచ్చింది.

* * *

మరుసటి ఫిబ్రవరిలో మాస్టారు మళ్ళీ మొదలుపెట్టారు. కార్డు రాయలేదు. వెళ్ళేసరికి రాయి చుట్టూ తుమ్మకంప కంచె ఉంది. మనిషినీ గొడ్డునూ దగ్గరికి రానీయకుండా కోటయ్య వేశాడు. రాయి మాత్రం వాలిపోయి, ఓ పక్క మట్టిలో దిగి ఉంది. దాన్ని చూడలేక అతను మొహం తిప్పుకుని నిలబడ్డాడు. కార్డు ఎందుకు రాలేదని అడగలేదు. గదిలో మేకు మీది పాతవి అలాగే ఉన్నాయి.

పాలెంలో నాంచారమ్మ కర్ర పట్టనంది. నేను పట్టుకున్నాను. ఆమె అరుగు చివర ఐసు పొట్టు ఎత్తిస్తూ, మావైపు చూడకుండా అంది, "సముద్రం అడుగున కొండలు ఎంతెత్తో తెలుసుద్ది గానీ, మా ఊరు ఎంత దిగిందో తెలియదంటారా మీకు?"

"అవునమ్మా. తెలియదు," అన్నారు మాస్టారు. పరికరంలోంచి కన్ను తీయకుండానే అన్నారు.

ఆ తర్వాత షెల్టరు లేచింది. గట్టి స్లాబు, చదును కప్పు. రాడారు బొమ్మల్లో ఆ తీరం మొత్తం మీద ఏ కాలమైనా మారకుండా కనిపించే చుక్క అదొక్కటే అయింది. ఎత్తు చాలదని తాను వాదించిన కట్టడమే తన ఉపగ్రహానికి మొదటిసారి నిలకడైన గురుతు ఇచ్చిందని ఆయన ఒకసారి చెప్పి, నవ్వబోయి మానేశారు. దాన్ని పోల్చుకోవడానికి కదలని చోటు కావాలి. బెజవాడ కొండ రాతిని పట్టుకున్నారు. మధ్యలో ఉన్నదంతా వరి. రిటైరయ్యాక కూడా ఆ రెండిటి మధ్య లెక్క నడిపించడానికి ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఎప్పుడు అడిగినా, "ఇంకొన్ని బొమ్మలు కావాలండీ," అనేవారు. ఎన్ని అంటే చెప్పేవారు కాదు. ఫోను చేసిన శిష్యుడిని అడిగాను. లెక్క కుదరలేదన్నాడు. సార్ చివరి పుస్తకంలో అంకెలన్నిటి మీదా ఒక్కో గీత ఉందన్నాడు.

షెల్టరు కట్టాక రెండుసార్లు తుఫాను ఆ ఒడ్డున తాకింది. రెండుసార్లూ పాలెం అంతా అందులోకి వెళ్ళింది, నాంచారమ్మతో సహా. రెండుసార్లూ గాలి వచ్చింది గానీ నీళ్ళు రాలేదు. ఆ నేల ఎత్తు చాలుతుందో లేదో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.